బటన్ లేని పేజీ

మొన్న శుక్రవారం మా సెకండియర్ క్లాసులో అందరి ఫోన్లూ ఒకేసారి హ్యాంగ్ అయిపోయాయని గోల. "దిదీ, నాది ఆగిపోయింది", "మేడమ్, నాది కూడా". వెనక బెంచీలో ఒకడు ఫోన్ని అరచేతిలో కొట్టి చూస్తున్నాడు, ఇంకొకడు స్విచాఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తున్నాడు. నిజానికి ఏ ఫోనూ హ్యాంగ్ అవ్వలేదు. స్క్రీన్ మీద ఒక పిల్లాడి బొమ్మ ఉంది, కింద నొక్కడానికి ఏమీ లేదు, అంతే. 40 సెకన్లు అలాగే ఉంటుంది. ఆ 40 సెకన్ల గురించే ఈ పోస్టు, కాకపోతే అక్కడికి రావాలంటే ముందు చాలా చెప్పుకురావాలి, కాస్త పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

నాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఊరు. పుట్టింది అక్కడే, చదివింది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ. ఇప్పుడు గుణుపురం వైపు టీచర్ ట్రైనింగ్ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. కాగితం మీద దాని పేరు డీఎల్‌ఈడీ, మా వైపు పెద్దోళ్ళు ఇప్పటికీ సీటీ ట్రైనింగ్ అనే అంటారు, రెండేళ్ళ కోర్సు, అది అయ్యాక ప్రైమరీ స్కూళ్ళలో టీచర్లు అవుతారు. మా ఊరి నుంచి గుణుపురానికి రైలుంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేసి, 1931లో గుణుపురం వరకు పొడిగించిన లైను అది, నా చిన్నప్పుడు నేరోగేజి, 2011లో బ్రాడ్‌గేజి అయింది. ఆ బండిలో ఒక్క బోగీలో కూర్చుంటే తెలుగు, ఒడియా, సవర అన్నీ వినపడతాయి, అప్పుడప్పుడు కువి కూడా. చిన్నప్పుడు నాకు అందులో రెండే భాషలు, మిగతావి "ఏదో మాట్లాడుకుంటున్నారులే" అన్నట్టు చెవి పక్కనుంచి పోయేవి. పక్క సీట్లో కూర్చున్న మనుషుల మాట నాకు మాటలా కాకుండా బండి చప్పుడులో కలిసిపోయి వినపడేదన్నమాట, ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మా క్లాసులో కూడా అదే బోగీ. ఒక బెంచీ మీద ముగ్గురు కూర్చుంటారు, ఒకమ్మాయి ఇంట్లో ఒడియా, పక్కవాడిది రాయగడ బజార్లో తెలుగు వ్యాపారస్తుల ఇల్లు, మూడో అమ్మాయి పుట్టాసింగి వైపు కొండల్లోంచి వచ్చిన సవర పిల్ల. వాళ్ళ వెనక కువి మాట్లాడే కోదు తెగ కుర్రాడు. ఒడియా ఇండో ఆర్యన్ భాష, తెలుగూ కువీ ద్రావిడ భాషలు, సవర ముండా భాష, అంటే సంతాలీకి, ముండారీకి చుట్టం. రెండు బెంచీల్లో మూడు భాషా కుటుంబాలు. తెలుగింటి పిల్లలకి ఒడియా దగ్గరగా అనిపిస్తుంది, కువి ఎక్కడిదో పరాయి భాష అనిపిస్తుంది, కానీ భాషల చుట్టరికం చూస్తే తెలుగుకి కువి దగ్గర చుట్టం, దక్షిణ మధ్య ద్రావిడం అనే ఒకే కొమ్మ మీద రెండూ ఉన్నాయి. కువిలో ఇల్లుని ఇల్లు అనే అంటారు, కన్నుని కన్ను అంటారు, చెయ్యిని కెయు అంటారు. ఈ మూడు మాటలు బోర్డు మీద రాసినప్పుడు రాయగడ కుర్రాడు వెనక్కి తిరిగి ఆ కోదు కుర్రాడి మొహం చూశాడు, ఏడాదిగా ఒకే హాస్టల్లో ఉంటున్నారు ఇద్దరూ.

ఇక సిలబస్ సంగతి. సాంస్కృతిక వైవిధ్యం అని ఒక యూనిట్ ఉంటుంది, దాన్ని ఏళ్ళ తరబడి మేం ఎలా చెప్పామంటే చార్టు వేయించడం, దాని మీద చేతులు పట్టుకున్న పది రకాల డ్రెస్సుల బొమ్మలు, ఏప్రిల్ 1న ఉత్కళ దిబసకి, అంటే ఒడిశా రాష్ట్రం ఏర్పడిన రోజుకి, పిల్లలకి వేషాలు, ప్రొజెక్టర్ వచ్చాక అదే చార్టు గోడ మీద పెద్దగా. ఒడిశాలో 62 గిరిజన తెగలు, అందులో 13 బాగా వెనకబడినవిగా ప్రభుత్వం గుర్తించినవి, ఈ అంకెలు పరీక్షలో వస్తాయి కాబట్టి అందరికీ నోటికొచ్చు. పక్క బెంచీలో ఉన్న అమ్మాయిని మీ ఇంట్లో అమ్మని ఏమని పిలుస్తారు అని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేనూ అదే తప్పు చేశాను, కాకపోతే కంప్యూటర్లో చేశాను. పోయినేడాది చాలా కష్టపడి ఒక మ్యాప్ తయారు చేశాను, రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల మ్యాపు, ఎక్కడ నొక్కితే అక్కడి తెగ గురించి ఒక ఫోటో, నాలుగు లైన్లు, ఒక పాట వస్తాయి. రాత్రిళ్ళు కూర్చుని చేసుకున్నాను, అందంగా వచ్చిందని మురిసిపోయాను కూడా. బటన్ల కోసం సవర వాళ్ళ గోడ బొమ్మల్లోంచి ముక్కలు కత్తిరించి పెట్టాను, ఎర్రమట్టి గోడ మీద తెల్లటి పిండితో వేసే బొమ్మలు, ఇడితాల్ అంటారు, ఇప్పుడు బ్యాగుల మీదా చీరల మీదా అన్నిచోట్లా కనిపిస్తున్నాయి, 2024లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. క్లాసులో అందరూ నొక్కి చూశారు, బాగుంది మేడమ్ అన్నారు. క్లాసయ్యాక పుట్టాసింగి అమ్మాయి ఒక్కతీ ఆగింది. అప్పుడు తను ఫస్టియర్, అప్పటిదాకా క్లాసులో నోరు విప్పగా నేను చూడలేదు. మెల్లగా ఒడియాలో అంది, "దిదీ, అది మా ఇంట్లో మా తాత పోయాక ఆయన కోసం గోడ మీద వేయించారు. దాన్ని వేలితో పొడవరు."

అంతే అంది. తనకి కోపం లేదు, నాకు తెలియదని చెప్తోంది అంతే. ఆ బొమ్మలు అలంకారం కాదు, పోయినవాళ్ళ కోసం, దేవతల కోసం, ఇంట్లో జబ్బు చేసినప్పుడో పంట కోసమో పూజ చేసి వేయించేవి, ఆ గోడ మీద బొమ్మ అంటే వాళ్ళు వచ్చి ఉండే చోటు. ఎక్కడో పుస్తకంలో ఈ మాట నేను చదివే ఉన్నాను! చదివి కూడా కత్తిరించి బటన్ చేశాను. ఆ రాత్రే మ్యాపు తీసేశాను. నొక్కితే ఏదో ఒకటి వచ్చేస్తే చాలు అది ఇంటరాక్టివ్ అయిపోతుందని అప్పటిదాకా నా నమ్మకం. నొక్కేవాడికి ఏమీ కాదు కదా అందులో, వాడు ఎలా వచ్చాడో అలాగే వెళ్ళిపోతాడు, పైగా అందరి గురించీ తెలిసిపోయిందనుకుంటాడు.

ఈ ఏడాది మొదట్లో టెక్నాలజీ పక్కన పెట్టేసి పేక తెచ్చాను. ట్రైనింగ్ కాలేజీలో పేకాటేటని మా పెద్దాయన ఒకాయన కొంచెం ఇబ్బంది పడ్డారు, కూర్చోబెట్టి వివరంగా చెప్తే సరేనన్నారు. చెన్నై నుంచి అమెరికా వెళ్ళిన శివశైలం త్యాగరాజన్ అని ఒకాయన 1980లో ఆఫ్రికాలోని లైబీరియాలో పనిచేస్తున్నప్పుడు తయారుచేసిన ఆట ఇది, గ్బార్ంగా అనే ఊరి పేరు మీద దీన్ని బార్ంగా అంటారు. ప్రతి రంగులో ఆసు నుంచి ఏడు దాకా తీసుకుంటే మొత్తం 28 ముక్కలు. నలుగురేసి నాలుగైదు బల్లల దగ్గర కూర్చుంటారు, ప్రతి బల్ల మీద రూల్స్ కాయితం ఒకటి ఉంటుంది. చదువుకుని రెండు ఆటలు ఆడాక కాయితం లాగేస్తాం, ఇక అక్కణ్ణుంచి ఒక్క మాట మాట్లాడకూడదు, రాయకూడదు. గెలిచినోళ్ళు పై బల్లకి, ఓడినోళ్ళు కింద బల్లకి మారుతూ ఉంటారు. పిల్లలకి చెప్పనిదేంటంటే కాయితాల్లో రూల్స్ ఒకటి కాదు. ఒక బల్ల దగ్గర ఆసు పెద్దది, ఇంకో బల్ల దగ్గర ఆసే అన్నిటికంటే చిన్నది, ఒకచోట తురుఫు, అంటే మిగతా రంగులన్నిటినీ కొట్టే రంగు, ఇస్పేటు, ఇంకోచోట డైమను, ఇంకోచోట అసలు తురుఫే లేదు.

మా రాయగడ కుర్రాడు మంచి ఆటగాడు, ఇంట్లో పండగలకి ఆడినవాడు. రెండో బల్లకి మారాడు. ఇస్పేటు రెండు వేసి ముక్కలు తన వైపు లాక్కోబోయాడు, తన లెక్కలో అది తురుఫు కదా. ఎదురుగా ఉన్న ఒడియా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి ముక్కలు తను తీసుకుంది. వాడు నవ్వి వేలు చూపించాడు, ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండోసారి వాడు ముక్క మీద వేలితో కొట్టి కొట్టి చూపించాడు, గట్టిగా కొడితే అర్థమవుతుందన్నట్టు. మూడోసారి చేతిలో ఉన్నవన్నీ బల్ల మీద పడేసి గోడకి చేరబడి కూర్చున్నాడు. ఇదంతా నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. ఆట ఆపి మాట్లాడుకోండి అన్నాక వాడు మొట్టమొదట అన్న మాట, "మేడమ్, ఆవిడకి ఆట రాదనుకున్నాను." ఆ మాట నేను బోర్డు మీద రాయించాను, ఎందుకంటే మా పిల్లలు ప్రాక్టీస్ టీచింగ్‌కి వెళ్ళొచ్చి రిపోర్టుల్లో రాసే మాట అదే, పిల్లలకి ఏమీ రాదు. కొండమీద బళ్ళ గురించి ఈ మాట నేను ఎన్ని రిపోర్టుల్లో చదివానో లెక్కలేదు.

పేక వల్ల ఆ ఇబ్బంది ఒంటికి తెలిసింది, అదే కావాల్సింది కూడా. కానీ పేకముక్కల్లో ఎవరి ఇల్లూ లేదు. ఒక సవర పిల్లాడు ఒడియా బడిలో కూర్చుంటే ఏమవుతుందో అది చెప్పదు. అందుకని మళ్ళీ ఫోన్ల దగ్గరికి వచ్చాం, ఈసారి నేను ఒక్కదాన్నే చెయ్యలేదు.

ట్వైన్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, క్రిస్ క్లిమాస్ అనే ఆయన 2009లో మొదలెట్టింది, దాంతో దారులు చీలే కథలు రాయొచ్చు. ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, స్క్రీన్ మీద చిన్న చిన్న పెట్టెలు ఉంటాయి, పెట్టెలో నాలుగు వాక్యాలు రాసి ఒక మాటకి రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే అది ఇంకో పెట్టెకి దారి అవుతుంది. ఒడియా లిపి, తెలుగు లిపి రెండూ బాగానే తీసుకుంటుంది. అన్నిటికంటే మాకు పనికొచ్చిందేంటంటే కథ మొత్తం ఒకే ఒక్క ఫైలుగా బయటికొస్తుంది, నెట్ లేకపోయినా ఫోన్లో బ్రౌజర్లో తెరుచుకుంటుంది. కొండ పైకి వెళ్తే సిగ్నల్ ఎక్కడుంటుందో ఎక్కడ పోతుందో తెలియని చోట ఇది పెద్ద విషయం. ఆడియో దగ్గర మాత్రం వారం రోజులు తంటాలు పడ్డాం, వాట్సాప్‌లో పంపిన ఫైలు తెరిస్తే పక్కన పెట్టిన ఆడియో ఫైలుని ఫోను కనుక్కోలేదు, చివరికి మా ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడు ఆ ఆడియోని అక్షరాలుగా మార్చి కథ ఫైలు లోపలే పెట్టేశాడు, ఫైలు కొంచెం బరువైంది కానీ ఎక్కడ తెరిచినా పలుకుతోంది. ఇలాంటివి చేసేవాళ్ళకి పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

కథ ఇది. మీరు కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచరు. కొండమీద బడి, ఒకటో క్లాసు, మొదటి వారం. గుమ్మం పక్కన ఒక పిల్లాడు కూర్చున్నాడు, మీ వైపు చూసి ఒక మాట అన్నాడు. ఇక్కడ ఆడియో నొక్కితే ఆ మాట వినపడుతుంది, సవరలో నీళ్ళు అనే మాట. డా అని మొదలెట్టి గొంతులో ఒక్క క్షణం ఆపి మళ్ళీ ఆ అని వదలాలి. ఆ ఆపడం మన చెవికి ముందు తెలియనే తెలియదు, మా పిల్లలకి పదిసార్లు వినిపించినా "డా" అనే అన్నారు. మాట పలికింది పుట్టాసింగి అమ్మాయే, గొంతు చిన్నది చేసుకుని. నిజం పిల్లాడి గొంతు రికార్డు చేసి పదిమంది ఫోన్లలో తిప్పడం నాకిష్టం లేదు, తనకీ ఇష్టం లేదు.

కింద మూడు దారులు పెట్టాను. ఒడియాలో చెప్పమని అడుగుతారా, హాజరు పిలుస్తున్నారు కాబట్టి తర్వాత చూద్దామనుకుంటారా, పక్కన ఉన్న పెద్ద పిల్లని వీడేమంటున్నాడని అడుగుతారా. క్లాసులో ఇచ్చాను. అందరూ మూడోది నొక్కారు, ఒక్కరు కూడా తప్పలేదు! నాకు సంతోషం వెయ్యలేదు. మేడమ్‌కి ఏ జవాబు కావాలో వాళ్ళకి తెలుసు, చిన్నప్పటి నుంచి వాళ్ళు నేర్చుకున్నదే అది, నేను మూడు దారులు పెట్టి ఒకదాని మీద లైటు వేసి పెట్టాను.

అప్పుడు ఆ అమ్మాయి చెయ్యెత్తింది. మాట్లాడకుండా ఉండే అమ్మాయి చెయ్యెత్తితే క్లాసు దానంతటదే ఊరుకుంటుంది. "దిదీ, ఈ పిల్లాడు అడగడు" అంది. నేను అర్థంకాక చూశాను. "మాట గొంతు నాదే కానీ, నేనైతే అడగలేదు. ఒకటో క్లాసు మొత్తం నేను బళ్ళో ఒక్కమాట మాట్లాడలేదు. దాహం వేస్తే బడి వదిలేదాకా ఉండి ఇంటికెళ్ళే దారిలో గెడ్డలో తాగేదాన్ని. కుండ క్లాసులోనే ఉండేది, మూలకి. ఎలా అడగాలో తెలియదు, లేచి వెళ్తే ఏమంటారో తెలియదు."

ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశాను. నాకు ఇంకేం చెప్పాలో తోచలేదు. నా కథలో పిల్లాడు మాట్లాడతాడు, అదే నా తప్పు. టీచరు చెయ్యాల్సిన పని పిల్లాడు మాట్లాడాక మొదలవుతుందని రాసుకున్నాను.

కొత్త కథ తనే రాసింది. ల్యాబ్ తమ్ముడు పక్కన కూర్చున్నాడు, నేను అటు వెళ్ళలేదు. అందులో మొదటి పేజీ తెరిస్తే గుమ్మం పక్కన పిల్లాడి బొమ్మ, వెనక క్లాసు చప్పుడు, ఒడియాలో ఎవరో హాజరు పిలుస్తున్న గొంతు. బటన్ లేదు. 40 సెకన్లు ఏమీ అవ్వదు. మధ్యలో ఎక్కడ వేలు పెట్టినా ఆ లెక్క మళ్ళీ మొదటికి వెళ్ళిపోతుంది, ఈ ఆలోచన పూర్తిగా తనదే. 40 సెకన్లు ముట్టుకోకుండా ఉంటే అప్పుడు పిల్లాడి కళ్ళు కొంచెం పక్కకి తిరుగుతాయి, మూల కుండ ఉన్న వైపు. అంతే, ఇంకేం మారదు, కళ్ళు మాత్రమే. అది గమనించి కుండ మీద వేలు పెడితే తర్వాత పేజీ వస్తుంది, నీళ్ళు తాగాక పిల్లాడు ఆ మాట అంటాడు, గొంతులో ఆపి అనే మాట. మొదటి కథలో ముందున్న మాట ఇందులో చివరికి వెళ్ళింది.

శుక్రవారం జరిగింది అదన్నమాట. ఫోన్లు హ్యాంగయ్యాయనుకుని అందరూ నొక్కుతూనే ఉన్నారు, నొక్కినకొద్దీ లెక్క మొదటికి పోతోంది, ఐదు నిమిషాలు గడిచినా ఎవరికీ ఏమీ రాలేదు. అందరికంటే ముందు దాటింది కోదు కుర్రాడు. వాడు ఫోన్ని బెంచీ మీద పెట్టేసి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నువ్వెందుకు నొక్కలేదురా అని తర్వాత అడిగితే, "వాడు భయపడుతున్నాడు కదా మేడమ్, ఇంకా మీద మీదకి వెళ్తే ఎలా" అన్నాడు. బొమ్మలో పిల్లాడి గురించి అలా మాట్లాడాడు వాడు. రాయగడ కుర్రాడికి అందరికంటే ఎక్కువ సేపు పట్టింది, దాటాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆఖర్న, "నాకు వాడి మీద కోపం వచ్చింది మేడమ్, ఏదో ఒకటి చెయ్యడేటి అని" అన్నాడు. ఈ మాట ఏ పరీక్షలోనూ ఎవడూ రాయడు. వాడు నిజం చెప్పాడు, అందుకు వాడంటే నాకు గౌరవం పెరిగింది.

చట్టాలన్నీ ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టంలో వీలైనంత వరకు బోధన పిల్లల తల్లిభాషలో ఉండాలని రాశారు, 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో క్లాసు దాకా అంటోంది, ఒడిశాలో సవర, కుయి, కువి లాంటి భాషల్లో ప్రైమరీ పుస్తకాలు వేసి బహుభాషా విద్య అని చాలా ఏళ్ళ క్రితమే మొదలెట్టారు, అది మంచి పనే. కానీ పుస్తకం ఉన్న ప్రతి బడికీ ఆ భాష వచ్చిన టీచరు వెళ్తాడని లేదు కదా, మా దగ్గర ట్రైనింగయ్యే తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు కూడా అక్కడికి వెళ్తారు. వాళ్ళు మొదటి రోజు గుమ్మం దగ్గర ఏం చేస్తారన్నది ఏ జీవోలోనూ ఉండదు.

పర్లాకిమిడి దాన్ని కాబట్టి గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన 1880లో మా ఊరి రాజావారి బడిలో టీచరుగా చేరారు. అడవుల్లోంచి సంతకి వచ్చే సవర వాళ్ళని చూసి, వీళ్ళకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలనుకుని, తెలుగు వచ్చిన సవర మనుషుల్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ దగ్గర భాష నేర్చుకున్నారు. పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో. నేను ఇప్పుడు ఇలా మాట్లాడే తెలుగులో రాస్తున్నానంటే అది కూడా ఆయన పోరాడి సంపాదించి పెట్టిందే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటాం, దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం, సవర సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తాం, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. వాడుక భాష విలువ ఆయనకి తెలిసింది కొంత ఆ సవర మనుషుల దగ్గరేనని నా నమ్మకం, రాతలో లేని భాషని చెవితో పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషికి గ్రాంథికం మీద మోజు ఎలా ఉంటుంది? 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసింది, ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర ఆయన తమ భాషకి సొంత లిపి తయారుచేశారు, సొరంగ్ సొంపెంగ్ అంటారు. ఈ రెండూ ఒకే ఏడాది జరిగాయని క్లాసులో చెప్తే పుట్టాసింగి అమ్మాయి నోట్‌బుక్ వెనక అట్ట మీద ఆ లిపిలో తన పేరు రాసి చూపించింది. రెండేళ్ళుగా ఆ నోట్‌బుక్ నేను దిద్దుతూనే ఉన్నాను, అట్ట తిప్పి ఎప్పుడూ చూడలేదు.

ఈ ఫైలుతో అంతా బాగుపడిపోయిందని కాదు. సోమవారం క్లాసులో ఒకమ్మాయి "సవర పిల్లలు మాట్లాడరు కదా మేడమ్" అని మొదలెట్టింది. చూడండి, ఒక మూస తీస్తే ఇంకో మూస! పుట్టాసింగి అమ్మాయి పెద్దగా నవ్వేసింది, "మా ఊరు రా, మాట్లాడకుండా ఉండేవాళ్ళు ఒక్కరు దొరికితే చూపించు" అంది. ఇప్పుడు రెండో ఫైలు తయారవుతోంది, అందులో మీరు టీచరు కాదు, వాళ్ళింటికి వచ్చిన చుట్టం. అరుగు మీద ఆరేడుగురు మాట్లాడుకుంటూ ఉంటారు, మిమ్మల్ని ఏదో అడుగుతారు, నవ్వుతారు, చేతిలో చోడి అంబలి పెడతారు. కింద దారులన్నీ సవరలోనే ఉంటాయి, అనువాదం ఎక్కడా ఉండదు. మాట్లాడనివాళ్ళు ఎవరో అప్పుడు తెలుస్తుందంది. ఇంట్లోవాళ్ళని అడిగి, ఏం చేస్తున్నామో చెప్పి, వాళ్ళు సరే అన్న గొంతులే పెడుతున్నాం, వాళ్ళ అమ్మమ్మ మాత్రం తన గొంతు ఫోన్లో ఉండడానికి ఒప్పుకోలేదు, అందుకని అమ్మమ్మ పాత్ర లేదు.

కోదు కుర్రాడు కూడా ఒకటి మొదలెట్టాడు, కువిలో. హాజరు పట్టీలో పేరు గురించి. బళ్ళో చేర్పించినప్పుడు టీచరుకి వినపడినట్టు పేరు రాసేశాడు, అదే పేరు తర్వాత ఆధార్‌లోకి, మార్కుల షీట్లోకి వెళ్ళిపోయింది, ఇంట్లో పిలిచే పేరు ఇంట్లోనే ఉండిపోయింది. తన ఫైలులో మొదటి పేజీలో పిల్లాడు పేరు చెప్తాడు, మీరు విని మళ్ళీ మీ గొంతుతో చెప్పాలి, అది రికార్డవుతుంది, రెండూ పక్కపక్కన వినిపిస్తుంది. పరీక్షించడానికి మొదట నన్నే కూర్చోబెట్టాడు. వాడు నాకు రెండేళ్ళుగా తెలుసు, రోజూ హాజరు పిలుస్తాను. ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు, నేను అన్నాను. రెండూ వినిపించాడు. "కాదు మేడమ్" అన్నాడు. మళ్ళీ అన్నాను. ఐదుసార్లు అయింది, ఒక అచ్చు దగ్గర నేను సాగదీస్తున్నానంట, నాకు వినపడడం లేదు. సాయంత్రం బండి టైమైపోయింది, "రేపు మళ్ళీ చూద్దాం" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రైల్లో గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా ఆ పేరే నోట్లో తిప్పుకుంటూ వచ్చాను.